నీలం రాని పరీక్ష

జనవరి 8

బ్రష్ మీద రక్తం. బ్రష్ గట్టిదై ఉంటుంది. మెత్తది కొన్నాను.

జనవరి 11

మెత్తదాని మీద కూడా రక్తం.

ఫ్యాక్టరీలో కమలాపళ్ళ కాలం మొదలైంది. లారీలు గేటు దాటి రోడ్డు మలుపు దాకా నిలబడ్డాయి. రోజంతా బ్యూరెట్ గాజు గొట్టం ముందే. రసంలో విటమిన్ సి ఎంతుందో తేల్చాలి, సీసా మీద అచ్చేసిన అంకెకి తగ్గలేదని సంతకం పెట్టాలి. పద్ధతి పాతదే. రసంలో కాస్త గంజి ద్రావణం కలిపి, పైనుంచి అయోడిన్ చుక్క చుక్కగా వదలడం. సి ఉన్నంతసేపూ అయోడిన్‌ను మింగేస్తుంది. సి అయిపోగానే నీలం తిరుగుతుంది. నీలం ఎంత ఆలస్యమైతే సి అంత ఎక్కువ ఉన్నట్టు. ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఇదే చూస్తున్నాను. అసలు నీలం వచ్చేముందు రంగు ఒకసారి కనిపించి మాయమవుతుంది. తను, నా భార్య, ఒకసారి ల్యాబు చూడటానికి వచ్చి, "చెప్పాలా వద్దా అని ఆలోచించే మనిషిలా ఉంది," అంది.

ఇంటికొచ్చాక ఒక గ్లాసు. నిమ్మకాయ పిండుకుని. ల్యాబులో పక్కన పడేసిన కొలత గ్లాసు తెచ్చుకున్నాను, దాంతో కొలిచి పోసుకుంటాను. కొలిచి తాగేవాడు తాగుబోతు కాడు.

జనవరి 15

తను పోయాక అత్తయ్య వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. ఉండమని నేను అనలేదు, ఉంటానని ఆవిడా అనలేదు. ఒక్కతే కూతురు. ఆవిడకి వెళ్ళడానికి ఎక్కడుంది?

నాతో ఎదురుపడి మాట్లాడరు. ఏదైనా చెప్పాలంటే గుమ్మం దగ్గర నిలబడి తలుపు రెక్కకి చెప్తారు. రాత్రి భోజనం బల్ల మీద మూతపెట్టి పడుకుంటారు. ఈ రోజు ఉదయం తలుపు రెక్కతో అన్నారు: "తినని కంచం తోమడం నాకు సులువే బాబూ. కాకపోతే పని అలవాటు తప్పుతోంది."

క్యాంటీన్‌లో తిన్నానని చెప్పాను. క్యాంటీన్‌లో తినలేదు.

పై గదిలో నేనేం చేస్తున్నానో ఆవిడకి తెలియకుండా ఉండదు. అయినా ఒక్క మాట అనరు. ఎందుకో నాకు తెలుసు. ఆ కారణం నా ఎడమ పక్కన, పక్కటెముకల కింద జానెడు గీతలా ఉంది. తనకి కిడ్నీలు రెండూ చెడిపోయినప్పుడు అత్తయ్య తనదిస్తానన్నారు. వయసు చూసి, ఒంట్లో చక్కెర చూసి పనికిరాదన్నారు. నాది కుదిరింది. మూడేళ్ళు బాగా పనిచేసింది. పోయిన వానల్లో ఊపిరితిత్తుల జబ్బు వచ్చి తను పోయింది. మీ కిడ్నీ మాత్రం చివరిదాకా చక్కగా పనిచేసిందండీ అన్నారు ఆస్పత్రివాళ్ళు. నాకేదో బహుమతి ఇస్తున్నట్టు.

జనవరి 22

సీసాలకి మూతలు బిగించే విభాగం ఫోర్‌మన్‌ని అందరం మూతాయన అంటాం. అసలు పేరు అతనికే గుర్తుందో లేదో. కమలా తొన కొరకలేక నేను చప్పరిస్తుంటే చూశాడు. "ఏం సార్, మీ మూతలు కూడా లూజయ్యాయా? మా విభాగానికి రండి, ఒక తిప్పు తిప్పి పంపిస్తాను," అన్నాడు. నవ్వాను. నవ్వితే చిగుళ్ళు కనిపించాయేమో, అతను నవ్వు ఆపేశాడు.

మోకాలి కింద నల్లగా కమిలిన మచ్చ. బల్ల తగిలి ఉంటుంది.

జనవరి 23

రెండో కాలి మీద కూడా ఉంది. బల్ల తగల్లేదు.

ఫిబ్రవరి 2

పోషకాల పుస్తకం ఒకటి తిరగేశాను. చిగుళ్ళలో రక్తం, దెబ్బ తగలకుండా కమిలిన మచ్చలు, కాళ్ళ పీకులు. స్కర్వీ అని రాసి ఉంది, ఒంట్లో సి లేకపోతే వచ్చేది. పళ్ళరసం ఫ్యాక్టరీలో కెమిస్టుకి. నవ్వొచ్చింది. తను ఉంటే కిందికి వెళ్ళి చెప్పేవాణ్ణి.

మద్యం గురించి కూడా రాశారు. తాగేవాళ్ళు సరిగా తినరట. తిన్నదాంట్లో సిని పేగు సరిగా పీల్చుకోదట. ఒంట్లో ఉన్న కాస్తా మూత్రంతో బయటికి పోతుందట. అదంతా తాగుబోతుల సంగతి. నేను రోజూ నిమ్మకాయ పిండుకుంటాను.

అనుమానం ఎందుకు? నా చేతిలో బ్యూరెట్ ఉంది.

ఫిబ్రవరి 3

అందరికంటే ముందు ల్యాబుకి వెళ్ళాను. ఉదయం మూత్రం చిన్న సీసాలో తీసుకెళ్ళి, రసాన్ని పరీక్షించినట్టే పరీక్షించాను. అయోడిన్ వదులుతూనే ఉన్నాను. నీలం రాదే! మొదటి రకం రసానికి తీసిపోలేదు. బయటికే ఇంత పోతోందంటే లోపల దండిగా ఉన్నట్టే.

మనసు తేలికపడింది. సాయంత్రం రెండు గ్లాసులు. రెండూ కొలిచే పోసుకున్నాను.

ఫిబ్రవరి 10

నిమ్మకాయ చిగుళ్ళకి తగిలితే ప్రాణం పోతోంది. మానేశాను. ఉత్తదే తాగుతున్నాను.

ఈ రోజు మళ్ళీ పరీక్ష. అంకె మారలేదు. నిమ్మకాయ మానేసి నాలుగు రోజులైనా మారలేదంటే ఒంట్లో నిల్వ ఉందన్నమాట.

ఫిబ్రవరి 14

కొలత గ్లాసు చెయ్యి జారి పగిలింది. ఫరవాలేదు. ఇన్నేళ్ళ అనుభవం, కంటికి తెలుస్తుంది.

ఫిబ్రవరి 18

ల్యాబు మెట్ల మీద కూలబడ్డాను. మోకాళ్ళు మాట వినలేదు. వద్దంటున్నా వినకుండా మూతాయన తన కారులో క్లినిక్కి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ నన్ను ఎరుగుదురు. నాకు మిగిలిన కిడ్నీని ఏటేటా చూసేది ఆవిడే. ఈ ఏడు నేను వెళ్ళలేదు. ప్యాంటు మడిచి కాళ్ళు చూశారు, పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు. పళ్ళూ కూరలూ తింటున్నారా అని అడిగారు. పళ్ళ మధ్యనే బతుకుతున్నానండీ అన్నాను. తాగుతారా అన్నారు. ఎప్పుడైనా అన్నాను. ఎంత అంటే ఒక గ్లాసు అన్నాను. ఎంత గ్లాసని ఆవిడ అడగలేదు.

సి లోపిస్తే ఇలాగే ఉంటుందని ఆవిడ అంటుండగానే, అది కాదని చెప్పాను. నేనే రెండుసార్లు పరీక్ష చేసుకున్నానని, అయోడిన్ ఎంత పట్టిందో అంకెలతో సహా చెప్పాను. చదువుకున్నవాడు అంకెలు చెప్తే డాక్టర్లు కూడా వింటారు. రక్తంలో సి పరీక్ష రాయబోతున్న పెన్ను ఆగింది. అయితే రక్తానికే ఏదో వచ్చి ఉండాలి అన్నారు. ఆ మాట మెల్లగా అన్నారు. ఎముకలోంచి మజ్జ తీసి పంపాలట. మార్చి 1న రమ్మన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు మూతాయన ఒక్క జోకు వేయలేదు. అప్పుడు భయం వేసింది.

ఫిబ్రవరి 20

మూతాయన అత్తయ్యకి చెప్పేశాడు. ఎంతవరకు చెప్పాడో తెలియదు.

సాయంత్రం ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చారు. తలుపు రెక్కకి చెప్పారు.

"రక్తం గానీ, ఎముకలో గుజ్జు గానీ కావాల్సొస్తే నాది తీసుకోమని చెప్పండి బాబూ. అప్పుడు కిడ్నీ పనికిరాదన్నారు. ఒంట్లో ఏదో ఒకటైనా పనికొస్తుందేమో."

"అంత అవసరం రాదు అత్తయ్యా."

"అప్పుడూ అవసరం రాదనే అన్నారు."

వెళ్ళిపోయారు. వంటగదిలో పంపు చాలాసేపు పారింది. గిన్నెల చప్పుడు మాత్రం లేదు.

రెండు గ్లాసులు. తర్వాత ఇంకొకటి.

ఫిబ్రవరి 24

మధ్యాహ్నం మూతాయన సాంపిల్ పట్టుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. కొత్త సరుకులో సి ఉండాల్సిన దానికి రెట్టింపు ఉందట. ల్యాబు సహాయకుడు అయోడిన్ పోస్తూనే ఉన్నా నీలం రావడం లేదట.

"కళ్ళు మూసుకుని సంతకం పెట్టండి సార్. ఈసారి పళ్ళు తోటలో కాదు, మందుల షాపులో కాశాయి."

కాస్త నాలుక మీద వేసుకున్నాను. గంధకం ఘాటు. సరుకు నిల్వ ఉండటానికి వేసే ప్రిజర్వేటివ్ రెండుసార్లు పడింది. విసుగొచ్చింది. మనిషి మీద పడి అరిచినంత పని చేశాను.

"అయోడిన్‌ను మింగేది సి ఒక్కటేనా? ప్రిజర్వేటివ్ మింగదా? సి లేనిది ఒకటి పక్కన పెట్టి చూడకుండా సి ఉందని ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు సార్. ఉంటే బాగుండు అనుకున్నాం, ఉందనేశాం," అన్నాడు. సీసా పట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను బ్యూరెట్ ముందే నిలబడ్డాను.

మూత్రంలో అయోడిన్‌ను మింగేవి ఎన్ని ఉంటాయో నాకు తెలుసు. కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను. సి లేనిది ఒకటి పక్కన పెట్టి చూడలేదు. నిమ్మకాయ మానేసినా అంకె మారకపోతే, అది నిల్వ కాదు. అది సియే కాదు. ఒకవేళ అంతో ఇంతో సి ఉన్నా, అది ఒంట్లోంచి పోయింది. పోయినదాన్ని కొలిచి ఉన్నదని రాసుకున్నాను.

డాక్టరమ్మకి అదే చెప్పాను. అంకెలతో.

ఫిబ్రవరి 25

ఫోన్ చేయలేదు. ఫోన్ చేస్తే తర్వాతి ప్రశ్న గ్లాసు గురించి.

ల్యాబులో రసానికి కలిపే శుద్ధమైన సి పొడి డబ్బా నిండా ఉంది. ఒక చెంచా నీళ్ళలో కలుపుకుని తాగాను. తాగుడు తోడేసినంత తోడేస్తుంది, నేను పోసినంత పోస్తాను. ఎవరికీ చెప్పనక్కర్లేదు. చిగుళ్ళు తగ్గాక, మజ్జ పరీక్ష వద్దని నేనే చెప్తాను.

ఫిబ్రవరి 26

రెండు చెంచాలు. రెండు చెంచాలకి తగ్గట్టే తాగాను.

నిన్నటిదీ ఈ రోజుదీ కక్కేశాను. ఎడమ పక్క మంట. కుడి పక్క నొప్పి. ఎడమ పక్క లోపల ఏమీ లేదు. మంట దేనికి?

ఫిబ్రవరి 27

ఉదయం చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. లాగితే ఊడింది, దానితో రక్తం. గీత ఒక చివర విచ్చుకుంది. ఎప్పుడో మానిన కుట్టు. సూది దిగిన చుక్కలు కూడా ఎర్రగా లేచాయి, నిన్న వేసినట్టు.

అద్దంలో చాలాసేపు చూశాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాస్తాను. సంతోషం వేసింది. ఆపరేషన్ గదికి తీసుకెళ్ళేముందు పక్క మంచం మీద తను నవ్విన రోజు మళ్ళీ వచ్చినట్టనిపించింది.

చొక్కా మాసిన బట్టల అడుగున పెట్టాను. అడుగున పెట్టిందే అత్తయ్య ముందు తీస్తారని నాకు తట్టలేదు. పది గంటలకి చొక్కా చేత్తో పట్టుకుని వచ్చారు. గుమ్మం దగ్గర ఆగలేదు. లోపలికి వచ్చేశారు. చూపించమన్నారు. చూపించాను. నేల మీద కూర్చుండిపోయారు.

"రక్తం జబ్బు ఇంతదాకా వచ్చిందా?"

"జబ్బు కాదు అత్తయ్యా. తాగుడు."

ఆ మాట నా నోట రావడం ఇదే మొదలు. పరీక్ష సంగతి, పొడి సంగతి, కంచాల సంగతి అన్నీ చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"తాగుడు సంగతి తెలుసు. నిమ్మకాయలు కొనేది నేనే కదా."

మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా అనలేదేం అన్నాను. ఎంత అన్యాయమైన ప్రశ్న. ఆవిడ చొక్కా మడత పెట్టారు, రక్తం లోపలికి వచ్చేట్టు.

"ఏ నోటితో అనను? నా బిడ్డ కోసం ఒళ్ళు కోయించుకున్న మనిషి మీరు. మీరు ఏం చేసినా నేను నోరు మూసుకోవాలి అనుకున్నాను."

మడత పెట్టిన చొక్కా ఒళ్ళో పెట్టుకుని అన్నారు: "మొన్నటినుంచి నా ఎముకల్లో ఏముందా అని ఒళ్ళంతా తడుముకుంటున్నాను బాబూ."

ఫిబ్రవరి 28

డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. నేను చెప్పింది అంతా విన్నారు. తర్వాత అన్నీ అన్నారు. నాకు తగని మాట ఒక్కటీ లేదు.

మజ్జ పరీక్ష ప్రస్తుతానికి ఆపారు. రక్తంలో సి పరీక్షకి పంపారు. పొడి డబ్బా జోలికి వెళ్ళొద్దన్నారు. ఉన్నది ఒక్క కిడ్నీ, చెంచాలతో మింగితే ఆ పొడి రాళ్ళై అందులోనే కూర్చోవచ్చట. ఎంత వేసుకోవాలో ఆవిడే రాసిచ్చారు. చూస్తే నవ్వొచ్చేటంత తక్కువ. ఒక్కసారిగా తాగుడు మానితే ఒళ్ళు ఎదురు తిరుగుతుందని దానికీ మాత్రలు ఇచ్చారు, ఒంటరిగా ఉండొద్దన్నారు. సిని మళ్ళీ నింపడం తనకి పెద్ద పని కాదట. తాగుతూ ఉంటే మాత్రం అడుగు లేని సీసాలో పోసినట్టేనట.

మానిన కుట్టు ఎలా విచ్చుకుంటుందని అడిగాను. ఒకసారి అతుక్కుంటే అయిపోయినట్టు కాదన్నారు. లోపల అతుకు కొంచెం కొంచెం అరిగిపోతూ, కొంచెం కొంచెం కొత్తగా తయారవుతూ ఉంటుందట, ఎన్నేళ్ళైనా. దానికి సి కావాలి. సి లేకపోతే అరగడమే మిగులుతుంది.

నేను కెమిస్ట్రీ చదివాను. ఇది నాకు తెలియదు.

మార్చి 2

చెయ్యి వణుకుతోంది. ఈ అక్షరాలు నావి కావు. గోడ మీద చీమలున్నాయి అన్నాను. లేవు బాబూ అన్నారు అత్తయ్య. తలుపు దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్నారు.

మార్చి 5

రక్తం ఫలితం వచ్చింది. సి దాదాపు లేనట్టే. డాక్టరమ్మ ఫోన్‌లో సంతోషంగా చెప్పారు. నాకు లేనిది లేదని తేలినందుకు అంతమంది సంతోషించారు. మూతాయన కబురు పంపాడు: "సార్‌కి సరుకు అయిపోయిందట కదా, మన గోడౌన్‌లో బోలెడుంది, భయపడొద్దనండి."

బ్రష్ మీద రక్తం లేదు.

మార్చి 8

మచ్చలు పసుపుపచ్చగా మారాయి. తొన కొరికాను, పన్ను కదల్లేదు. గీత విచ్చుకున్న చోట చిన్న పొలుసు కట్టింది. మంట లేదు.

మంట లేదు. చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు. ఉత్త చర్మం.

మార్చి 9

తాగాను.

మార్చి 10

మాత్రలు వేసుకున్నాను అని రాయబోయాను. వేసుకోలేదు. సీసా పుస్తకాల వెనక ఉండిపోయింది, పారేశాననుకున్నాను. అనుకోలేదు. ఉందని తెలుసు.

ఉదయం కిందికి దిగాను. అత్తయ్య బల్ల దగ్గర కమలాపళ్ళు ఒలుస్తున్నారు. నా మొహం చూశారు. తలుపు రెక్క వైపు తిరగలేదు. ఎదుటి కుర్చీ చూపించారు. కూర్చున్నాను. మా ఇద్దరికీ ఆ బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోవడం ఇదే మొదలు. ఆ కుర్చీ తనది.

"ఎందుకు?" అన్నారు. అంతే.

"మానుతోంది అత్తయ్యా," అన్నాను. చెయ్యి దానంతటదే ఎడమ పక్కకి వెళ్ళింది.

ఆవిడ నా చెయ్యి వైపు చూశారు. అర్థం కావడానికి ఆవిడకి ఎక్కువసేపు పట్టలేదు. నాకు ఇన్ని నెలలు పట్టింది.

"మానితే అమ్మాయి గుర్తు పోతుందనా?"

చెయ్యి అక్కణ్ణుంచి తీసేశాను.

ఆవిడ లేచి వచ్చి, చొక్కా మీంచే గీత మీద అరచెయ్యి పెట్టారు. కమలా తొక్క వాసన. నా తల్లి పోయాక నన్ను అలా ఎవరూ ముట్టుకోలేదు.

"నా కూతురు మూడేళ్ళు బతికింది ఇక్కణ్ణుంచి ఇచ్చినదాంతోనే. అప్పు పడ్డానని నోరు మూసుకున్నాను ఇన్నాళ్ళూ. తప్పు నాది. ఇందులో నాకూ పాలుంది. ఇది విచ్చుకుంటే విచ్చుకునేది నీ ఒక్కడి ఒళ్ళు కాదు. ఇకనుంచి అంటాను. పొద్దున అంటాను, సాయంత్రం అంటాను. వినలేకపోతే చెవులు మూసుకో. సీసా ఎక్కడుంది?"

చెప్పాను. పుస్తకాల వెనక.

ఆవిడే వెళ్ళి తెచ్చారు. మెట్ల మీద ఆవిడ మోకాళ్ళ చప్పుడు వినిపించింది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. నేను లేవలేదు. లేవాల్సింది. తూములో పోస్తుంటే చూశాను. సగం కూడా లేదు. ఆ కాస్తకే లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది, పోయొద్దని. అది రాసి పెట్టుకుంటున్నాను.

తిరిగి వచ్చి కూర్చున్నారు. తొన మీది పీచు తీసి, గింజ తీసి, నా ముందు పెట్టారు.

"తిను."

తిన్నాను. రెండోది ఒలిచారు.

మార్చి 11

సాయంత్రం ఆరు. చెయ్యి వణుకుతోంది, కానీ ఈ అక్షరాలు నావే. కింద కంచం పెట్టిన చప్పుడైంది. మూత పెట్టిన చప్పుడు కాలేదు.

"వస్తున్నావా, నన్ను పైకెక్కమంటావా?"

వెళ్తున్నాను.